బేగంపేట విమానాశ్రయం: నిన్న, నేడు

మన పల్లెల్లో పెద్దవాళ్లు విమానాన్ని ఈనాటికీ "గాలిమోటరు" అంటారు. ఆలోచించి చూస్తే పురాణకాలం నాటి "విమానం" కన్నా ఈ మాటే అసలు సంగతికి దగ్గరగా వుంది. మోటరు వుంది, దాన్ని మోసే గాలి వుంది. ఆ రెండూ కలుసుకోవడానికి నేలమీద కొంత జాగా కావాలి. హైదరాబాదుకు సంబంధించినంతవరకు ఆ జాగా డెబ్బయి ఏళ్లకు పైగా బేగంపేట. 2008 మార్చి 23 నుంచి శంషాబాదు. ఇవాళ మన కాలేజీలో చదువుతున్న పిల్లలకు ఊహ తెలిసేటప్పటికే విమానాశ్రయమంటే శంషాబాదు. బేగంపేట అంటే వాళ్లకు రైలు స్టేషనో, ఫ్లైఓవరో గుర్తుకు వస్తుంది. పాత విద్యార్థులకు మాత్రం అలా కాదు. అమెరికాకో, గల్ఫ్‌కో వెళ్లే అన్నను సాగనంపడానికి ఇంటిల్లిపాదీ ఒక జీపులో కూరుకుని, మెడలో పూలదండలు వేసి, కళ్లనీళ్లు పెట్టుకున్న చోటది. ఈ ఇరు పక్షాలకూ పనికివస్తుందనే ఆశతో, ఆ విమానాశ్రయం ఎలా పుట్టింది, ఎలా పనిచేసేది, ఎందుకు మూతపడింది, మూతపడిందనడం ఎంతవరకు నిజం అన్న విషయాలను ఇక్కడ కొంత వివరించదలిచాను.

ముందుగా ఒక చిన్న ముచ్చట. బేగంపేటకు ఆ పేరు నిజాం కుమార్తె బషీరున్నిసా బేగం వల్ల వచ్చిందనీ, పైగా ప్రభువు షంసుల్ ఉమ్రాతో పెళ్లయినప్పుడు ఆ భూమి ఆమెకు కట్నంగా వచ్చిందనీ చెబుతారు. శంషాబాదు పేరు కూడా ఆ షంసుల్ ఉమ్రా బిరుదులోంచే వచ్చిందంటారు. అదే నిజమైతే విమానాశ్రయం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్లినా పైగా వారి ఇల్లు దాటి పోలేదన్నమాట!

హైదరాబాదుకు విమానాలతో సంబంధం విమానాశ్రయం కన్నా ముందునుంచీ వుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిషు వాయుసేన 110వ స్క్వాడ్రనుకు డీహెచ్-9ఏ బాంబరు విమానాలు సమకూరాయి. దానికి "హైదరాబాదు స్క్వాడ్రన్" అనే పేరు స్థిరపడింది. 1918లో అవి ఫ్రాన్సు వెళ్లాయి. ఒక్కొక్క విమానం మీద నిజాం ఇచ్చిన కానుక అని, హైదరాబాదు నంబరు ఇంత అని రాసి వుండేది. వాటిలో ఒకటి లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఇప్పటికీ నిలబడి వుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రను కూడా హైదరాబాదు పేరే పెట్టుకుంది. చిత్రమేమిటంటే, 110వ స్క్వాడ్రను ఫ్రాన్సు మీద ఎగురుతున్న కాలానికి మన ఊళ్లో విమానం దిగడానికి తగిన మైదానమే లేదు.

ఆ లోటు 1930లలో తీరింది. బాబర్ మీర్జా వంటి ఉత్సాహవంతుల పూనికతో హైదరాబాదు ఏరో క్లబ్బు ఏర్పడింది. దానికోసమే బేగంపేట మైదానం సిద్ధమైంది. 1932 అక్టోబరులో టాటాలు కరాచీ, బొంబాయి, మద్రాసుల మధ్య టపా విమానం మొదలుపెట్టారు. మొదట్లో అది బళ్లారిలో ఆగేది. కొద్దికాలానికే బళ్లారి స్థానంలో హైదరాబాదు మజిలీ అయింది. ఆ విమానంలో జనం తక్కువ, ఉత్తరాల సంచులు ఎక్కువ. 1937లో మొదటి టెర్మినల్ భవనం లేచింది. పేరుకు టెర్మినలేగాని, నేటి కళ్లతో చూస్తే అదొక పెద్ద బంగళా.

అసలు వైభవం డెక్కన్ ఎయిర్‌వేస్‌తో వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన కంపెనీ ఇది. పెద్ద వాటా నిజాం ప్రభుత్వానిదే. స్వస్థానం బేగంపేట. యుద్ధం ముగిసి అమెరికన్ సైన్యాలు వెళ్లిపోయాక చవగ్గా దొరికిన డకోటాలతో ఆ రోజుల్లో దేశమంతటా విమాన కంపెనీలు పుట్టుకొచ్చాయి. డకోటా ఇరవై, ముప్పయిమందిని మోసే రెండు ఇంజన్ల విమానం. ముక్కు ఆకాశం వైపు, తోక నేల వైపు పెట్టుకుని నిలబడేది. ఎక్కినవాళ్లు సీటుదాకా మెట్ట ఎక్కినట్టు నడవాలి. దేశంలో వాణిజ్య విమానం నడిపిన మొదటి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. అంతకు ముందు తలుపు తట్టిన కంపెనీలన్నీ ఆమెను కాదన్నాయి. ఆడపిల్ల పైలటయితే ప్రయాణికులు ఎక్కరని వారి భయం! మన విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు ఇంజనీరింగులో చేరడమే వింతగా చూసిన కాలంలో హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టిందన్న సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు.

1948లో ఇక్కడి ఆకాశం మరో రకంగా వేడెక్కింది. భారతదేశంలో కలవకుండా తాత్సారం చేస్తున్న నిజాం రాజ్యానికి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట తుపాకులు తెచ్చి దించాడు. అవి దిగినవి బీదరు, వరంగల్ మైదానాల్లో. ఆ సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలై, 18న హైదరాబాదు సైన్యం లొంగిపోయింది. 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ వచ్చినప్పుడు విమానాశ్రయంలో నిజాం ఎదురేగి రెండు చేతులూ జోడించిన ఫొటో చరిత్ర పుస్తకాలన్నిటిలో వుంది. అంతవరకు ఎవరికీ ఎదురు వెళ్లని ప్రభువు అలా నిలబడ్డాడు. రాజ్యం మారింది అని చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు.

1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చి, డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. సొంత కంపెనీ పోయినా, విమాన విద్య ఊరు విడిచి పోలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు తర్ఫీదు ఇచ్చే సెంట్రల్ ట్రెయినింగ్ ఎస్టాబ్లిష్‌మెంటును హైదరాబాదులోనే నడిపింది. 1972లో బేగంపేటలో కొత్త టెర్మినల్ కట్టారు. ఇక ఆ తర్వాత కట్టినవన్నీ ఉన్న ఇంటికి వసారాలు దించుకుంటూ పోవడమే.

ఇక సౌకర్యాల సంగతి. విమానాశ్రయమంటే మనకు కనబడేది టెర్మినల్. విమానానికి కావలసింది రన్‌వే. బేగంపేట రన్‌వే పొడవు 3,231 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు. దాని ఒక కొసన 09 అనీ, మరో కొసన 27 అనీ పెద్ద అక్షరాలతో రాసి వుంటుంది. అవి వరస నంబర్లు కావు, దిక్కులు. దిక్సూచిలో తూర్పు 90 డిగ్రీలు, పడమర 270 డిగ్రీలు. చివరి సున్నా తీసేస్తే 09, 27. అంటే తూర్పు పడమరలుగా పరిచిన రన్‌వే అన్నమాట. అలా ఎందుకు పరిచారు? విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి, గాలికి ఎదురుగా ఎగరాలి. గాలిపటం ఎగరేసిన ప్రతివాడికీ ఈ సూత్రం తెలుసు. మన దగ్గర వానాకాలమంతా పడమటి గాలి, చలికాలంలో తూర్పుగాలి. అందుకే వానాకాలంలో విమానాలు తూర్పున సికింద్రాబాదు మీదుగా వచ్చి పడమటి ముఖంగా దిగేవి. శంషాబాదు రన్‌వేలకు కూడా అవే నంబర్లు వుండడం యాదృచ్ఛికం కాదు. గాలి ఊరంతటికీ ఒకటే కదా.

మరో సంగతి ఎత్తు. బేగంపేట మైదానం సముద్రమట్టానికి 531 మీటర్ల, అంటే 1,742 అడుగుల ఎత్తున వుంది. అదేమంత ఎత్తు అనిపించవచ్చు. కాని గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కకు పట్టు తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం లెక్క వేసి చూస్తే, బేగంపేటలో విమానానికి దొరికే గాలి సుమారు 5,400 అడుగుల కొండమీద దొరికే గాలితో సమానం. కాబట్టి అదే విమానం అదే బరువుతో సముద్రపు ఒడ్డునున్న మద్రాసులో కన్నా ఇక్కడ ఎక్కువ దూరం పరుగెత్తాలి. లేదంటే సరుకో, నూనెయో తగ్గించుకోవాలి. దూరదేశాలకు వెళ్లే బరువైన విమానాలు రాత్రివేళ, తెల్లవారుజామున బయల్దేరడానికి ఒక కారణం ఇది. ఫిజిక్సు వాళ్లకు ఇది పాఠమే. మిగతావాళ్లకు చెప్పవలసి వచ్చింది.

దిగడానికి దారి చూపేది ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టం. రన్‌వే కొస నుంచి రెండు రేడియో కిరణాలు వెలువడతాయి. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, రెండోది ఎత్తుపల్లాలు చెబుతుంది. ఈ రెండో కిరణం మూడు డిగ్రీల వాలు. ఆ వాలులో వచ్చే విమానం పది కిలోమీటర్ల దూరాన రన్‌వే కన్నా రమారమి 520 మీటర్ల పైన వుంటుంది. రెండు కిలోమీటర్ల దూరానికి వచ్చేసరికి నూరు మీటర్ల పైన, అంటే చార్మినారుకు దాదాపు రెండింతల ఎత్తున మాత్రమే వుంటుంది. విమానాశ్రయం చుట్టూ ఎవరు మేడ కట్టాలన్నా ఎత్తు విషయంలో అనుమతి తీసుకోమనేది ఇందుకే. ఇది చాదస్తం కాదు, రేఖాగణితం.

ఇప్పుడు చిక్కు ఎక్కడొచ్చిందో చూడండి. చాలామంది అనుకున్నట్టు బేగంపేట రన్‌వే పొట్టిది కాదు. ఇల్లే ఇరుకు. ఒకవైపు రైలుకట్ట, ఒకవైపు వాయుసేన స్థలం, కంటోన్మెంటు, బోయినపల్లి, ఇంకోవైపు రసూల్‌పురా. రోడ్డు అవతల 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ, ఇప్పటి హైదరాబాదు పబ్లిక్ స్కూలు. మైదానం పుట్టిననాడు ఇది ఊరి బయట. ఊరు పెరిగి దాన్ని చుట్టుముట్టింది. రెండో రన్‌వేకు చోటు లేదు, విమానాలు నిలిపే స్థలం పెంచడానికి వీల్లేదు. 1990ల చివర కంప్యూటరు కంపెనీలు, వాటి వెంట అమెరికా ప్రయాణాలు వచ్చి పడేసరికి పెళ్లివారింట్లో ఒక్కటే స్నానాలగది వున్నట్టయింది పరిస్థితి.

కొత్త విమానాశ్రయం ఆలోచన 1997 ప్రాంతంలో మొదలైంది. బొంగ్లూరు, నాదర్‌గుల్, శంషాబాదు అని మూడుచోట్ల చూశారు. బెంగుళూరు, శ్రీశైలం రోడ్ల మధ్య వుండడం, రైలుమార్గం పక్కనే పోవడం చూసి 1998 డిసెంబరులో శంషాబాదును ఖాయం చేశారు. జీఎంఆర్ వారు 63 శాతం, మలేసియా విమానాశ్రయాల సంస్థ 11 శాతం, రాష్ట్ర ప్రభుత్వం, కేంద్రంలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చెరి 13 శాతం వాటాలతో కంపెనీ ఏర్పడింది. 2004 డిసెంబరులో కేంద్రంతో ఒప్పందం కుదిరింది. 2005 మార్చి 16న శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగాయి.

ఆ ఒప్పందంలోని ఒక షరతు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కొత్తది తెరిచాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు నడపరాదు. అంతే కాదు, గగనమార్గాన 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్లపాటు పోటీగా మరో విమానాశ్రయం లేవకూడదు. పెట్టుబడి పెట్టినవాడు తన రాబడికి భద్రత కోరడంలో తప్పు లేదు, కోరకపోతేనే ఆశ్చర్యం. కాని దాని బరువు ఎవరిమీద పడిందన్నది కూడా చూడాలి. బేగంపేట పనికిరానిదై మూతపడలేదు, కాగితం మీది షరతు వల్ల మూతపడింది. 2008 మార్చి రెండో వారంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశమంతటా సమ్మె చేసినది ఇక్కడా, బెంగుళూరులోనూ పాత విమానాశ్రయాలను మూయవద్దనే. వాళ్ల మాట నెగ్గలేదు. మార్చి 22 అర్ధరాత్రి బేగంపేట బోర్డు మీద ఆఖరి పేరు బ్యాంకాకు వెళ్లే థాయ్ విమానానిది. కొత్తచోట మొదట దిగవలసింది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చే లుఫ్తాన్సా అని అందరూ కెమెరాలు పట్టుకుని కూర్చుంటే, దానికన్నా ముందే స్పైస్‌జెట్ విమానాలు రెండు వచ్చి వాలాయి!

ఇక శంషాబాదు సంగతి. దాదాపు 5,500 ఎకరాలు. పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు, రెండోది 3,707 మీటర్లు. మైదానం ఎత్తు 617 మీటర్లు, బేగంపేట కన్నా ఎక్కువే. ఇందాక చెప్పిన పలచటి గాలి లెక్క గుర్తుంటే అంత పొడుగు రన్‌వే ఎందుకో తెలుస్తుంది. ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఆరు ఇంజన్ల ఆంతొనోవ్ మ్రియా భారతదేశంలో మొదటిసారి కాలు మోపింది ఇక్కడే, 2016 మే నెలలో. మొదట ఏటా 1 కోటి 20 లక్షలమందికి కట్టిన టెర్మినల్‌ను తర్వాత 3 కోట్ల 40 లక్షలమందికి పెంచారు. 2023-24లో సుమారు రెండున్నర కోట్లమంది రాకపోకలు సాగించారు. బేగంపేట ఈ భారం మోయగలిగేదా అంటే, లేదు. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటూనే, ఆ 5,500 ఎకరాలు ఖాళీ చదును కాదని కూడా చెప్పాలి. శంషాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటలు, కూరగాయల మళ్లు, జొన్నచేలు వుండేవి. తొండుపల్లి వంటి ఊళ్లు అంతవరకు పట్నానికి కూరగాయలూ పాలూ పంపి బతికిన ఊళ్లు. ఇవాళ తొండుపల్లి అంటే 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు మీద టోల్‌గేటు పేరు. కారులో పోయేవాళ్లు ఆ పేరును చీటీమీద చదువుతారుగాని ఊరిని చూడరు. భూమి అప్పుడే అమ్ముకున్నవాడు తర్వాత పెరిగిన ధర చూసి తల బాదుకున్నాడు. అమ్మకుండా ఆగినవాడు కోటీశ్వరుడయ్యాడు. భూమే లేని కూలివాడికి ఈ రెండూ లేవు. చేలో పని పోయి, ట్రాలీలు తోసే పనో, తోటపనో, కాపలా పనో దొరికితే దొరికింది. విమానాశ్రయాల చరిత్ర రాసేటప్పుడు రన్‌వే మీటర్లు రాస్తాం, వీళ్ల లెక్క ఎవరూ రాయరు. మన అర్థశాస్త్ర శాఖ విద్యార్థులు ఎవరైనా దీన్ని పరిశోధనాంశంగా తీసుకుంటే బాగుంటుంది.

పట్నంలోని ప్రయాణికుడికి పెరిగింది దూరం. కూకట్‌పల్లిలోనో, సికింద్రాబాదులోనో వున్నవాడు బేగంపేటకు ఆటోలో పోయేవాడు. శంషాబాదుకు పోవడానికి మెహదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు. ఆర్టీసీ వారు పుష్పక్ బస్సులు వేశారు. విమానాశ్రయ మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, మరుసటి ఏడు ప్రభుత్వం మారాక దాని దారే మారిపోయింది. బెంగుళూరుకు గాలిలో గంటంపావు ప్రయాణం, దానికి నేలమీద గంటన్నర ప్రయాణం.

150 కిలోమీటర్ల గీత అసలు తాకిడి చిన్న ఊళ్లకు తగిలింది. వరంగల్ దగ్గర మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం వుంది. ఇందాక చెప్పిన కాటన్ విమానాలు దిగిన ఊరిదే. అజంజాహీ మిల్లు నడిచిన రోజుల్లో అది బతికిన మైదానం. దాన్ని మళ్లీ తెరవాలని వరంగల్ జనం ఎన్నేళ్లుగానో అడిగారు. అడిగినప్పుడల్లా ఈ గీత అడ్డం వచ్చింది. చివరికి శంషాబాదు కంపెనీ అభ్యంతరం లేదని చెప్పాకనే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. బీదరు ముందే బయటపడింది, అక్కడ 2020 ఫిబ్రవరిలో విమానాలు మొదలయ్యాయి. ఒక పెద్ద విమానాశ్రయానికి నీడ ఎంత దూరం పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. నా మటుకు నాకు, శంషాబాదు కట్టడం సబబే. బేగంపేటను పూర్తిగా మూయించడం, మామునూరును ఇన్నేళ్లు ఆపడం మాత్రం అవసరానికి మించిన బేరం.

మూయించడం అన్నానుగాని, మైదానం చచ్చిపోలేదు. టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానాలే పోయాయి. వాయుసేన వుంది, ప్రముఖుల విమానాలు, హెలికాప్టర్లు వున్నాయి. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు బయల్దేరింది ఇక్కడినుంచే, అది నల్లమలలో కూలిపోయింది. 2008 నుంచి రెండేళ్లకొకసారి విమానాల ప్రదర్శన ఇక్కడే జరుగుతోంది. 2010 మార్చి 3న ఆ ప్రదర్శన మొదటిరోజునే నౌకాదళపు సాగర్ పవన్ బృందంలోని విమానం బోయినపల్లి ఇళ్లమధ్య కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఊరి నడుమ మైదానం వుంటే వచ్చే ప్రమాదమేమిటో ఆ రోజు అందరికీ తెలిసింది. బేగంపేటను మళ్లీ ప్రయాణికులకు తెరవాలనే వారు, నాతో సహా, ఈ సంగతికి కూడా జవాబు చెప్పవలసి వుంటుంది.

మన విద్యార్థులకు పనికివచ్చే విషయం ఒకటి మిగిలింది. పాత ఏరో క్లబ్బు విద్య బేగంపేటలో ఇంకా నడుస్తోంది, తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అక్కడే వుంది. నాదర్‌గుల్ మైదానంలో కూడా శిక్షణ విమానాలు ఎగురుతాయి, శంషాబాదుతో పోటీపడి ఓడిన నాదర్‌గులే అది. కమర్షియల్ పైలటు లైసెన్సు కావాలంటే ఇంటర్మీడియెట్‌లో లెక్కలు, ఫిజిక్సు చదివి వుండాలి. పద్దెనిమిదేళ్లు నిండాలి, కంటిచూపుతో సహా మొదటి తరగతి వైద్యపరీక్ష నెగ్గాలి. వాతావరణం, దారి చూసుకోవడం, విమాన చట్టాలు వంటి విషయాల్లో రాతపరీక్షలు వుంటాయి. మొత్తం 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు విమానం బాధ్యత మొత్తం తన మీద వేసుకుని ఎగరాలి. ఖర్చు మాత్రం లక్షల్లో వుంటుంది. అందువల్ల బ్యాంకు అప్పులు, ప్రభుత్వ సహాయాల సంగతి ముందే విచారించుకోవడం మంచిది. ఆడపిల్లలకు ప్రవేశంలో ఎక్కడా అడ్డు లేదు.